మిషనరీ విమానాలు నడుపుతానంటున్నాడు మా తమ్ముడు, అక్కడ పైలట్ రోజు ఎలా గడుస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి

తార్నాక_అక్క
మా తమ్ముడికి కమర్షియల్ పైలట్ లైసెన్స్ చేతికొచ్చింది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగే 200 గంటలు అయ్యాయి, పేపర్లన్నీ పాస్, మెడికల్ క్లియర్. ఇక ఏదో ఒక ఎయిర్‌లైన్‌లో చేరతాడని ఇంట్లో అందరం ఎదురుచూస్తుంటే మొన్న భోజనాల దగ్గర తాపీగా చెప్పాడు. ఎయిర్‌లైన్ వద్దట, పాపువా న్యూగినీ, కాంగో లాంటి చోట్ల అడవుల్లో, కొండల్లో చిన్న విమానాలు నడిపే మిషన్ సంస్థలో చేరతాడట. అమ్మ అప్పటి నుంచి సరిగ్గా తినడం లేదు. నాన్న మాట్లాడటమే మానేశారు. మేమూ చర్చికి వెళ్లేవాళ్లమే, సేవంటే మాకూ గౌరవమే. కానీ శిక్షణకి 50 లక్షలు దాటింది, సగానికి పైగా లోను, దాని కోసం ఇల్లు తాకట్టులో ఉంది.
నాకు ప్రసంగాలు వద్దు. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఆ పైలట్ ఏం చేస్తాడు, ఎవరిని ఎక్కించుకుంటాడు, ప్రమాదం ఎంత, జీతం ఎవరిస్తారు? యూట్యూబ్‌లో చూస్తే గుండెలు అదిరే ల్యాండింగులే తప్ప మిగతా రోజంతా ఏం జరుగుతుందో ఎవరూ చూపించరు.

బోయిన్‌పల్లి_బాలు
ఆ ల్యాండింగులు మాత్రం అమ్మకి చూపించకండి అక్కా.

తార్నాక_అక్క
చూసేసింది బాలూ. తమ్ముడే ధైర్యం చెబుదామని చూపించాడు.

హ్యాంగర్_బాబాయ్
నేను విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్‌ని. బేగంపేటలో మొదలుపెట్టి తర్వాత పాపువా న్యూగినీలోని మౌంట్ హాగెన్‌లో ఒక చార్టర్ కంపెనీలో పనిచేశాను. అదే ఎయిర్‌పోర్టులో మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ అనే మిషనరీ విమాన సంస్థ వాళ్ల హ్యాంగర్ కూడా ఉండేది. ఒకరికొకరం టూల్స్ ఇచ్చిపుచ్చుకునేవాళ్లం, కాబట్టి వాళ్ల పైలట్ల రోజు దగ్గర నుంచి చూశాను.

తెల్లవారకముందే లేస్తారు. మొదట చూసేది వాతావరణం, కానీ ఫోన్‌లో యాప్ చూసి కాదు. వెళ్లాల్సిన ఊళ్లో రేడియో ఉన్న మనిషిని పిలిచి అడుగుతారు: ఎదురు కొండ కనిపిస్తోందా, లోయలో మబ్బు ఎంతవరకు ఉంది, రాత్రి వాన పడిందా, గడ్డి కోశారా, పందులు స్ట్రిప్ మీద, అంటే విమానం దిగే గడ్డి బాట మీద తిరుగుతున్నాయా. ఆ చెప్పే మనిషి ఎంత నిజం చెబుతాడన్నది కూడా పైలట్‌కి తెలియాలి. సరుకు కోసం వారం నుంచి ఎదురుచూస్తున్న ఊరు కదా, మబ్బున్నా లేదంటుంది.

తర్వాత విమానం దగ్గరికొచ్చి రెక్కల కింద ఉన్న డ్రెయిన్ల నుంచి కొంచెం ఇంధనం గాజు సీసాలోకి తీసి వెలుతురుకి ఎత్తి చూస్తాడు. నీళ్లు బరువు కాబట్టి అడుగున చిన్న ముత్యంలా చేరతాయి. మారుమూల చోట్ల ఇంధనం 200 లీటర్ల డ్రమ్ముల్లో వస్తుంది, డ్రమ్ము వానలో నిలబడి ఉంటే మూత దగ్గర నుంచి నీళ్లు దిగుతాయి, అందుకే వడగట్టి పోస్తారు, పోశాక మళ్లీ చూస్తారు. ఇంజిన్ ఒక్కటే. అది గాల్లో ఆగితే కింద చెట్లు తప్ప ఏమీ లేవు.

ఆ తర్వాత తూకం. బియ్యం, డబ్బా చేపలు, వంటనూనె, సబ్బులు, పుస్తకాలు, మందుల పెట్టెలు, రేకులు అన్నీ తూకం మీదికెక్కాల్సిందే. మనుషులు కూడా చేతిలోని సంచులతో సహా ఎక్కుతారు. మనకి బస్సులో ఇంకొకళ్లు సర్దుకుంటే సరిపోతుంది, అక్కడ ఆ ఇంకొక మనిషి వల్ల విమానం స్ట్రిప్ కింది చివర చెట్లు దాటలేకపోవచ్చు. పైగా కొండల మీద గాలి పలుచన, ఎండెక్కిన కొద్దీ ఇంకా పలుచన, రెక్కకీ ఇంజిన్‌కీ రెంటికీ బలం తగ్గుతుంది. పొద్దున ఏడింటికి లేచే బరువుతో మధ్యాహ్నం ఒంటిగంటకి అదే స్ట్రిప్ నుంచి లేవదు. అందుకని ప్రతి మజిలీకీ లెక్క మళ్లీ మొదటి నుంచి వేస్తారు, ఎక్కువ ఇంధనం వేసుకుంటే సరుకు తగ్గించాలి, సరుకు పెంచితే ఇంధనం తగ్గాలి, తిరిగొచ్చే దారి మూసుకుపోతే పక్క ఊరికి వెళ్లడానికి సరిపడా మాత్రం ఉండితీరాలి.

మిగతాది రాత్రికి రాస్తాను, డ్యూటీ ఉంది.

బోయిన్‌పల్లి_బాలు
మనుషుల్ని తూకం వేస్తారా! మా ఇంటి పెళ్లి బృందమైతే సగం మంది స్ట్రిప్ దగ్గరే ఉండిపోతారు.

సీతాఫల్‌మండి_కుర్రాడు
నేనూ స్టూడెంట్ పైలట్‌నే, 60 గంటలు అయ్యాయి. ల్యాండింగ్ గురించి రాయండి బాబాయ్, స్ట్రిప్ నిజంగానే వాలుగా ఉంటుందా?

నల్లకుంట_నిలదీత
తూకాలు, ఇంధనం సరే. ఎవరూ ఎత్తని మాట నేను ఎత్తుతాను. మిషనరీ అన్న పదం ఊరికే లేదు కదా. విమానంలో మందులతో పాటు మతం కూడా దిగుతుంది. 2018లో అండమాన్‌లో సెంటినెలీస్ తెగ దగ్గరికి మత ప్రచారానికి చట్టాన్ని కాదని వెళ్లి చనిపోయిన అమెరికా కుర్రాడి సంగతి మనందరికీ తెలుసు. అంతకుముందు 1956 జనవరిలో ఈక్వెడార్‌లో నేట్ సెయింట్ అనే పైలట్, మరో నలుగురు మిషనరీలు వావోరానీ అనే అడవి తెగ చేతిలో చనిపోయారు. వాళ్లని అమరులని చెబుతారు, సరే. కానీ ఆ తర్వాత ఆ తెగలో చాలామందిని ఒక చిన్న ప్రాంతానికి చేర్చారు, వాళ్లు తిరిగిన అడవిలో చమురు కంపెనీలు దిగాయి. విమానం వెళ్లడం మొదలయ్యాక ఆ అడవి మునుపటిలా లేదు. అక్కా, మీ తమ్ముడు మంచివాడే అయ్యుంటాడు, ఈ ప్రశ్న తనకి తాను వేసుకున్నాడా?

మెదక్_మేరి
నిలదీత గారూ, ప్రశ్న న్యాయమైనదే. కానీ ఒక్క 1956 పట్టుకుని అందరినీ కట్టేస్తే ఎలా? మా ఊరి చర్చి సంగతి చూడండి. కరువులో పని లేక జనం అల్లాడుతుంటే పోస్నెట్ అనే మిషనరీ దొర కూలి ఇచ్చి కట్టించాడు, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. మా ముత్తాత అక్కడ రాళ్లు మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. అందులో మతం ఉంది, కూడు కూడా ఉంది. రెంటినీ విడదీసి చూడటం బయటివాళ్లకి సులువు, ఆ కూలితో పొయ్యి వెలిగించుకున్న ఇంటికి కాదు.

నల్లకుంట_నిలదీత
నేను అనేదీ అదే మేరి గారూ. ఆకలిగా ఉన్నవాడికి కూడు పెట్టేటప్పుడు పక్కన ఇంకేమీ పెట్టకూడదు.

హ్యాంగర్_బాబాయ్
ల్యాండింగ్ దగ్గరికి వస్తాను, ముందు నిలదీతకి ఒక మాట. పాపువా న్యూగినీలో ఇప్పుడు నూటికి తొంభై మందికి పైగా క్రైస్తవులే. నేను చూసిన విమానాల్లో పాస్టర్లు ఉన్నారు, బైబిళ్ల పెట్టెలు ఉన్నాయి, కాదనను. కానీ రోజూ వెళ్లేది ఎక్కువగా టీచర్లు, నర్సులు, రోగులు, కొట్టు సరుకు. తిరుగు ప్రయాణంలో కాఫీ గింజల బస్తాలు. ఆ కాఫీ అమ్ముడైతేనే ఆ ఊళ్లో పిల్లల ఫీజు కట్టేది. రోడ్డు లేదు, నడిచి వెళ్తే రోజులు.

ఇక స్ట్రిప్. అవును, వాలే. కొండ చరియ మీద గడ్డి చెక్కి చేసినవి, దిగేది ఎప్పుడూ పైకి, లేచేది ఎప్పుడూ కిందికి, గాలి ఎటు వీచినా సరే. పైచివర కొండే ఉంటుంది. అందుకని దిగేటప్పుడు దారిలో ఒక గుర్తు పెట్టుకుంటారు, ఒక చెట్టో, వాగు మలుపో. ఆ గుర్తు దాకా ఏ అనుమానం వచ్చినా తిప్పేయొచ్చు. దాటాక తిప్పడానికి చోటు ఉండదు, పంది అడ్డం వచ్చినా దిగాల్సిందే. చక్రాలు నేల తాకాక కూడా పవర్ వేసి పైదాకా ఎక్కించాలి, పైన చదునులో అడ్డంగా తిప్పి ఆపాలి, లేకపోతే వెనక్కి జారుతుంది. కొత్త పైలట్‌ని ఒంటరిగా పంపరు. అనుభవం ఉన్న కెప్టెన్ పక్కన కూర్చుని ఒక్కో స్ట్రిప్‌కి విడిగా చెక్ చేసి ఒప్పుకోవాలి. ఈ ఊరికి సరే అంటే పక్క ఊరికి సరే అని కాదు.

పొద్దెక్కే కొద్దీ కొండల మీద మబ్బు కడుతుంది. కనుమలు మూసుకుపోతాయి. అందుకే కష్టమైన ఊళ్లన్నీ పొద్దున్నే ముగించి, మధ్యాహ్నానికి పల్లపు ఊళ్లకి వెళ్తారు. చీకటి పడేలోగా విమానం ఇంటికి చేరాలి. ఆ స్ట్రిప్‌లకి లైట్లు ఉండవు.

సాయంత్రం పైలట్ వెళ్లాక మా పని మొదలు. టార్చి వేసి ప్రొపెల్లర్ రెక్కల అంచు మీద వేలు పెట్టి నెమ్మదిగా పైనుంచి కిందికి రాస్తాం. గులకరాళ్లు ఎగిరి తగిలిన చోట గోటికి గంటు తగులుతుంది. ఆ గంటుని ఆకురాయితో నున్నగా అరగదీయాలి, వదిలేస్తే అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. చక్రాల సందుల్లో బురద, గడ్డి తీయాలి, బ్రేకులు చూడాలి. కొందరు పైలట్లు టీ తెచ్చి మాతోనే కూర్చునేవాళ్లు, వాళ్లకి మెకానిక్ పని కూడా వచ్చు. అలాంటివాళ్లు విమానంలో ఏం తేడా ఉందో మేం చెప్పే ముందే చెప్పేస్తారు.

సీతాఫల్‌మండి_కుర్రాడు
ఈ పోస్టు ప్రింట్ తీసి మా హాస్టల్ గోడకి అంటించాను.

కొండల_డాక్టరమ్మ
నేను ఉస్మానియాలో చదివి లెసోతోలో ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేశాను. చుట్టూ దక్షిణాఫ్రికాయే ఉన్న చిన్న దేశం, దేశమంతా ఎత్తుమీదే, 1,400 మీటర్ల కన్నా తక్కువ ఎత్తు చోటే లేదు. అక్కడ సర్కారు ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసుకి మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ విమానాలే నడిచేవి. సెస్నా 206, చిన్నది. మీరు వీడియోల్లో చూసే కొండ అంచు స్ట్రిప్ మటెకానే అక్కడిదే, 400 మీటర్ల పొడవు, చివర అగాధం, ఎత్తు 2,300 మీటర్లు.

మీకు ప్యాసింజర్ వైపు నుంచి చెబుతాను. ఒక కొండ క్లినిక్‌లో కాన్పు తర్వాత ఒకామెకి రక్తస్రావం ఆగడం లేదు. నేను ఆ వారం అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం రేడియోలో విమానం అడిగాం. పైలట్ వచ్చాడు, స్ట్రిప్ మీద రెండుసార్లు చుట్టు తిరిగాడు, గాలి ఎంతుందో చూపే గాలిసంచి అడ్డంగా నిక్కి నిలబడి ఉంది. దిగకుండా వెళ్లిపోయాడు. రేడియోలో ఒక్క మాటే, ఈ గాలికి కుదరదు, తెల్లవారగానే వస్తాను అని. ఆ రాత్రంతా నేను, ఒక నర్సు సెలైన్లు మారుస్తూ, ఇంజక్షన్ ఇస్తూ, గర్భసంచిని రెండు చేతుల మధ్య నొక్కి పట్టుకుని గడిపాం. ఆమె భర్త గుమ్మం దగ్గర దుప్పటి కప్పుకుని నిలబడే ఉన్నాడు. తొలి వెలుగుకి శబ్దం వినిపించింది. సీట్లు ముందే పీకేసి వచ్చాడు, స్ట్రెచర్‌ని నేలమీద పట్టీలతో బిగించాం, నేను పక్కన ముడుచుకుని కూర్చున్నాను. గుర్రం మీదైతే పొద్దంతా పట్టే దూరం, అరగంటలో దిగాం. ఆమె బతికింది.

ముందు రోజు ఆ గాలిలో దిగి ఉంటే ఆమె, నేను, అతను ముగ్గురం పోయి ఉండేవాళ్లమేమో. అక్కా, మీ తమ్ముడు ఎంత బాగా దించగలడని కాదు, కింద మనిషి చచ్చిపోతోందని తెలిసి కూడా దిగను అనగలడా అని అడగండి. ఆ ఉద్యోగంలో అదే కష్టం.

తార్నాక_అక్క
డాక్టరమ్మ గారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది.

దుండిగల్_రిటైర్డ్
డాక్టర్ గారు చెప్పినదానికి నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. ఎయిర్‌ఫోర్స్‌లో అరుణాచల్ సెక్టార్‌లో హెలికాప్టర్లు నడిపాను. మెచుకా, టూటింగ్, విజయనగర్ అన్నీ ఇదే బాపతు. పొద్దున్నే వెళ్లు, మబ్బు కట్టేలోగా తిరిగి రా. కనుమలోకి దూరేటప్పుడు లోయకి ఒక పక్కగా ఉండాలి, మధ్యలో ఉంటే తిప్పడానికి సగం చోటే మిగులుతుంది. 2019 జూన్‌లో జోర్హాట్ నుంచి మెచుకా వెళ్తున్న ఎయిర్‌ఫోర్స్ రవాణా విమానం ఏఎన్-32 కొండని ఢీకొని 13 మంది పోయారు. అందరూ శిక్షణ ఉన్నవాళ్లే. కొండల్లో మనం ఎంత తెలిసినవాళ్లమైనా సరే అది ప్రతిరోజూ కొత్తగానే ఉంటుంది. అయితే మాకు వెనక సైన్యం ఉంది, మా కోసం వెతకడానికి పది విమానాలు లేస్తాయి. వీళ్ల వెనక అంత బలగం ఉండదు, ఆ ధైర్యానికి నా సెల్యూట్.

కోడ్_వదలని_మనిషి
ప్రమాదం అడిగారు కాబట్టి దాచకూడదు. జాయిస్ లిన్ గురించి చదవండి. ఎంఐటీలో కంప్యూటర్ సైన్స్ చదివి ఐటీలో పనిచేసి, అది వదిలి మిషన్ పైలట్ అయింది. ఇండోనేసియా పాపువాలో (పాపువా న్యూగినీ కాదు, దాని పక్కనే ఇండోనేసియాలో ఉన్న భాగం) 2020 మే 12 పొద్దున సెంటాని నుంచి కోడియాక్ విమానంలో ఒంటరిగా లేచింది, మామిత్ అనే ఊరికి కోవిడ్ పరీక్ష కిట్లు తీసుకెళ్తోంది. కొద్ది నిమిషాల్లోనే సెంటాని సరస్సులో పడింది. ఆమెకి 40 ఏళ్లు. గచ్చిబౌలిలో కూర్చుని కోడ్ రాసే నాకు ఆ వార్త చదివిన రోజు పని మీద మనసు నిలవలేదు. అంత చదువు చదివి ఆ పనే కావాలని ఎంచుకుంది.

మెదక్_మేరి
కిడ్నాపుల సంగతి కూడా చెప్పాలి. అదే పాపువాలో ఒక న్యూజిలాండ్ పైలట్‌ని వేర్పాటువాదులు 2023 ఫిబ్రవరిలో పట్టుకెళ్లి 2024 సెప్టెంబర్‌లో వదిలారు. ఆయన మిషన్ పైలట్ కాదు, మామూలు కంపెనీ పైలట్. కానీ దిగేది అలాంటి స్ట్రిప్‌ల మీదే కదా. ఏ దేశం, అందులో ఏ ప్రాంతం అన్నది ముందు అడగమనండి.

నల్లకుంట_నిలదీత
డాక్టరమ్మ గారి పోస్టు చదివాను. ఆ పనికి ఎవరు అడ్డం చెబుతారు. నా అభ్యంతరం అలాగే ఉంది, కానీ అది రోగిని మోసే విమానం మీద కాదు, బయటివాళ్లు వద్దని చెప్పిన మనుషుల దగ్గరికి వెళ్లే విమానం మీద. ఆస్ట్రేలియాలో ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు మొదలుపెట్టింది కూడా జాన్ ఫ్లిన్ అనే పాస్టరే, 1928లో క్లాన్‌కరీ నుంచి. ఈరోజు అది అందరి సర్వీసు, ఎవరినీ ఏ దేవుడని అడగదు. అలాంటి సంస్థ అయితే నేనే తమ్ముడికి చందా పంపుతాను.

ఉట్నూరు_టీచర్
కాంగో, పాపువా దాకా ఎందుకు? వానాకాలంలో మా వైపు వాగు పొంగితే గర్భిణిని ఇప్పటికీ మంచం మీద మోసుకొస్తారు, విశాఖ ఏజెన్సీలో డోలీ కడతారు. 108 బండి 2005లో హైదరాబాద్ నుంచే మొదలైంది, కానీ రోడ్డు ఆగిన చోట బండి ఆగుతుంది. 2021లో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు పంపి చూశారు. డ్రోన్ మందు తెస్తుంది, మనిషిని తీసుకెళ్లదు. ఆ అబ్బాయి ఇక్కడ ఏదైనా చేయొచ్చు కదా.

దుండిగల్_రిటైర్డ్
టీచర్ గారూ, మీ బాధ నిజమే, కానీ అక్కడ విమానం వెళ్తున్నది అరవై డెబ్భై ఏళ్లుగా ఊరి జనమే గడ్డి చెక్కి స్ట్రిప్ చేసుకున్నారు కాబట్టి. మన ఏజెన్సీలో అలాంటి స్ట్రిప్‌లు లేవు, ఇక్కడ కావాల్సింది హెలికాప్టర్, వంతెన. అది పైలట్ చేతిలో లేదు, సర్కారు చేతిలో ఉంది.

ఉట్నూరు_టీచర్
వంతెన మాట నిజం సార్. ఎన్నికలప్పుడల్లా అడుగుతున్నాం.

తార్నాక_అక్క
జీతం మాట ఎవరూ చెప్పలేదు.

హ్యాంగర్_బాబాయ్
నేను చూసిన చోట చాలామందికి కంపెనీ జీతం లాంటిది ఉండదు. తమ దేశంలోని చర్చిలు, స్నేహితులు, బంధువులు నెలనెలా పంపే మద్దతు మీద కుటుంబం గడుస్తుంది. చేరే ముందే ఆ మద్దతు కూడగట్టుకోవాలి, అదే చాలామందికి ఏడాదికి పైగా పడుతుంది. ఇల్లు, పిల్లల చదువు చూసుకుంటారు, తిండికి లోటుండదు. కానీ ఇక్కడి బ్యాంకు లోను దాంతో తీరదు, అది ముందే తెలుసుకోవాలి.

ఇంకొకటి, 200 గంటలతో కొండల్లోకి ఎవరూ తీసుకోరు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత ఉండాలి, గంటలు చాలా ఎక్కువ కావాలి, ఆ దేశపు లైసెన్స్ మార్పిడి పరీక్షలు వేరే. పైగా మెకానిక్ లైసెన్స్ ఉన్నవాడికి పెద్ద పీట. కాబట్టి తమ్ముడు రేపే వెళ్లిపోతాడని అమ్మ భయపడక్కర్లేదు. ఎలాగూ కొన్నేళ్లు ఎక్కడో నడపాల్సిందే, ఆ కొన్నేళ్లు జీతం వచ్చే చోట నడిపితే లోను తీరుతుంది, గంటలూ వస్తాయి.

బోయిన్‌పల్లి_బాలు
బాబాయ్ ఒక్క పోస్టుతో తార్నాకలో పొయ్యి వెలిగించాడు.

కోడ్_వదలని_మనిషి
ఎయిర్‌లైన్‌లో పెద్ద విమానం గంటలు అక్కడ పనికొస్తాయా బాబాయ్? అంతా ఆటోపైలట్ కదా.

హ్యాంగర్_బాబాయ్
కొంతవరకే. చేత్తో నడిపే చిన్న విమానం గంటలకే విలువ. ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేస్తే రోజుకి పది ల్యాండింగులు చూస్తాడు, జీతం తక్కువైనా చెయ్యి తిరుగుతుంది. కారవాన్ లాంటి ఒంటి ఇంజిన్ చిన్న విమానాలు నడిపే చార్టర్ కంపెనీ దొరికితే ఇంకా మంచిది.

తార్నాక_అక్క
నిన్న నాన్న నోరు విప్పారు. లోను తీరేదాకా ఇక్కడే, ఆ తర్వాత నీ ఇష్టం, నేను అడ్డం రాను అన్నారు. తమ్ముడు ఒప్పుకున్నాడు. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు, డాక్టరమ్మ గారితో ఫోన్‌లో మాట్లాడాలని ఉందట. గాలి ఉన్న రోజు దిగకుండా వెళ్లిపోయిన ఆ పైలట్‌కి పిల్లలున్నారా అని అడగమంది.

కొండల_డాక్టరమ్మ
ఇద్దరు ఆడపిల్లలు. మెసేజ్ పెట్టాను, ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఎప్పుడైనా చేయమనండి.

తార్నాక_అక్క
తమ్ముడి ప్రశ్న ఒకటి, పక్కనే కూర్చుని టైప్ చేయిస్తున్నాడు. ఇన్‌స్ట్రక్టర్‌గా చేస్తూ మెకానిక్ పని ఎక్కడ నేర్చుకోవచ్చు? విమాన మెయింటెనెన్స్ ఇంజినీర్ (ఏఎంఈ) కోర్సు మొత్తం చదవాలా?

హ్యాంగర్_బాబాయ్
లైసెన్స్ కావాలంటే కోర్సు, పరీక్షలు తప్పవు, ఏళ్లు పడుతుంది. అది తర్వాత చూద్దాం. ముందు తను నడిపే స్కూల్ హ్యాంగర్‌లో ఇన్‌ఛార్జిని అడిగి విమానం ప్రతి 100 గంటలు ఎగిరాక చేసే ఇన్‌స్పెక్షన్ జరిగే రోజుల్లో పక్కన నిలబడమను. ప్లగ్గులు తీయడం, ఆయిల్ ఫిల్టర్ కోసి లోపల లోహపు పొడి ఉందేమో చూడటం, బోల్టులు వదులవకుండా సేఫ్టీ వైర్ కట్టడం, ఇవి చేతికి రావాలి. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రమ్మను. బేగంపేట వైపు వస్తే నాకు మెసేజ్ పెట్టమను, సెలవు రోజున కలుస్తాను.